రెండు గోడల మధ్య మేకు

నన్ను అందరూ పరుపులమ్మ అంటారు. అసలు పేరు, తండ్రి పేరు రైటరు గారు ఇప్పటికే కాగితం పైన రాసుకున్నారు. వయసు యాభై ఎనిమిది. దూది పరుపులు, దిండ్లు కుట్టడం నా పని. పాతవి విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుట్టి కూడా ఇస్తాను. మార్కెట్ వీధి చివర అద్దె గదిలో దుకాణం, దాని వెనుక గదిలో కాపురం. నేను, మా ఆయన ఇద్దరమే ఉంటాం. ఈ రోజు బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పోలీసు స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా ఈ మాటలు చెబుతున్నాను. మంచినీళ్ళు ఇచ్చారు. టీ తెప్పిస్తామన్నారు, ఇంకా రాలేదు.

నా మీద వచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. మా పక్క స్థలం కొనుక్కున్న ఇనుప సామాన్ల షావుకారు ఇచ్చింది అది. పనికి అడ్డుపడ్డానని, మెషీను డ్రైవరును సూదితో బెదిరించానని, ఇటుక ఎత్తి కొట్టబోయానని అందులో ఉంది. అడ్డుపడ్డ మాట నిజం. మిగతా రెండింటిలో నిజం ఎంతో చెబుతాను. అయితే గోడల సంగతి ముందు చెప్పకపోతే నేను చెప్పేదంతా పిచ్చిదాని మాటల్లా ఉంటుంది.

"ఈ రోజు జరిగింది చెప్పండమ్మా. పాత పురాణం ఎందుకు?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"పునాది లేకుండా ఇల్లు కడతారా బాబూ?" అన్నాను. సరే చెప్పమన్నారు.

నాకు ఒక స్థలం ఉంది. తొంభై ఆరు గజాలు. మార్కెట్ వీధికి రెండు వీధుల అవతల ఉంది. మా తాతకు ఇద్దరు కూతుళ్ళు, పెద్దమ్మ, మా అమ్మ. తాత తన స్థలాన్ని నోటిమాటగా ఇద్దరికీ చెరిసగం పంచాడు. కాగితం మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, మంచాన పడ్డాక రాయించాడు. ఇప్పుడు నా పీకల మీదికి వచ్చింది ఆ ఆలస్యమే.

ఎందుకంటే ఆ మధ్యకాలంలో, అంటే తాత పంచిన తర్వాత, కాగితం రాయించక ముందు, మా ఊళ్ళో ఒక నిబంధన వచ్చింది. నూట యాభై గజాల కంటే చిన్న స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వరు. నిబంధనకు ముందే విడిగా ఉన్న చిన్న స్థలాలకు మాత్రం మినహాయింపు ఉంది. నా స్థలం ముందే విడిగా ఉందని రుజువైతే కట్టుకోవచ్చు. లేకపోతే అది ఉత్త ఖాళీ నేల. దాన్ని పక్క స్థలంలో కలుపుకోవాలనుకునే వాడికే పనికొస్తుంది. ఆ పక్క స్థలం షావుకారుది. ఆయనకు గోడౌను కట్టాలని ఉంది. నా స్థలానికి అనుమతి రాకపోతే ఎంతకు అడిగితే అంతకు ఇచ్చి పోతానని ఆయన లెక్క.

నేను ఇవ్వను. మా అద్దె గదుల యజమానులు ఆ భవనం పడగొడుతున్నారు, ఈ నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. కింద పనికి ఒక గది, పైన పడుకోవడానికి ఒక గది, ఇంతే నేను కట్టుకునేది. ఊరందరికీ పరుపులు కుట్టాను. నా పరుపు వేసుకోవడానికి నాకంటూ ఒక చోటు కావాలి.

పోయిన సోమవారం ప్లానింగ్ ఆఫీసుకు వెళ్ళాను. షావుకారూ వచ్చారు. ఇంజినీరమ్మ నా కాగితం చూసి, "అమ్మా, దీని తేదీ నిబంధన తర్వాతది. అంతకుముందే ఇది విడి స్థలమని నేల మీద ఏదైనా ఆనవాలు ఉందా? గట్టో, గోడో?" అని అడిగింది.

"గోడ ఉందమ్మా. ఒకటి కాదు, రెండున్నాయి" అన్నాను.

షావుకారు వెంటనే అందుకున్నారు. "రెండు కాదు మేడమ్, అది ఒకటే గోడ. రెండు వరసలుగా ఒకేసారి కట్టారు. చలవ కోసం మధ్యలో ఖాళీ వదిలారు. స్థలమంతా ఒకటే."

"గురువారం పొద్దున వచ్చి నేనే చూస్తాను. అంతవరకు దేన్నీ కదపకండి" అంది ఇంజినీరమ్మ. ఇద్దరికీ వినపడేలా అంది.

ఇక ఆ రెండు గోడల కథ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పట్లో అక్కడ అమ్మకూ పెద్దమ్మకూ చెరో పూరిల్లు ఉండేది, ఇప్పుడు లేవు. అమ్మ తన భాగం చుట్టూ గోడ కట్టించుకుంది, రెండు వైపులా సున్నం పూత పూయించి మరీ. పెద్దమ్మ తన వైపు నుంచి ఆ గోడకు ఒక మేకు కొట్టి, బట్టలారేసే తీగ కట్టింది. కొత్త పూత పెచ్చు ఊడింది. అమ్మ చూసి, "అది నా గోడ. నా గోడ మీద చెయ్యి వెయ్యొద్దు" అంది. అంతే. పెద్దమ్మకు ఒళ్ళు మండింది. "నీ గోడ నువ్వే కట్టుకుని ఊరేగు. నా బట్టలు నా గోడకే ఆరతాయి" అని, బెత్తెడు సందు వదిలి తనూ ఒక గోడ లేపింది. మేకు తీయనైనా తీయలేదు. అలాగే లోపల ఉండిపోయింది.

ఊళ్ళో వాళ్ళకు మేము నవ్వులాట అయిపోయాం. మేకుకోసం మేడ కట్టిన వాళ్ళు అనేవాళ్ళు. బళ్ళో నన్ను మేకు పిల్ల అని పిలిచేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో ఆ మాట ఎత్తితే అమ్మ తల దించుకుంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండటానికి ఇన్నేళ్ళు పట్టింది.

తర్వాత తర్వాత అమ్మ కూర వండితే ఒక గిన్నె గోడ మీద పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేసేది. అటు నుంచి పెద్దమ్మ చెయ్యి వచ్చి గిన్నె తీసుకునేది. మర్నాడు గిన్నె కడిగి అక్కడే ఉండేది, ఒక్కోసారి అందులో ఏదో ఒకటి ఉండేది. మాటలు మాత్రం లేవు. పెద్దమ్మ పోయాక కూడా అమ్మ కొన్నాళ్ళు గిన్నె పెట్టింది. ఎవరూ తీసుకోలేదు. సాయంత్రం తనే వెళ్ళి తెచ్చుకునేది. ఇది కేసుకు పనికిరాదని నాకు తెలుసు. అయినా రాసుకోండి.

పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య వరస, పోయిన ఏడు వాళ్ళ భాగం షావుకారుకు అమ్మేశాడు. అన్నయ్య మీద నాకు కోపం లేదు. వాడి అవసరం వాడిది.

ఇక ఈ రోజు. పొద్దున ఆరున్నరకు, నా స్థలం ముందు బండి పెట్టుకునే ఇస్త్రీ అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పరుపులమ్మా, మెషీను వచ్చింది. గోడ కొడుతున్నారు!" అన్నాడు. ఇంజినీరమ్మ వచ్చేది రేపు. ఈలోగానే నేల చదును చేసి పెట్టాలని వీళ్ళ ఆత్రం. ఈ రోజు ఇవ్వాల్సిన పరుపు ఒకటి సగం కుట్టి ఉంది. పని ఆపితే గిరాకీ ఊరుకోదు, గోడ వదిలితే స్థలం దక్కదు. పరుపు, సూది, దారం తోపుడు బండి మీద వేసుకుని నేనూ మా ఆయనా వెళ్ళాం.

మేము వెళ్ళేసరికి పెద్దమ్మ గోడ మూల ఒకటి పడిపోయి ఉంది. ఎదురింటి వాళ్ళ నిచ్చెన అడిగి వేయించాను.

"ఏమే, మెట్లెక్కాలంటేనే నీ మోకాళ్ళు మొరాయిస్తాయి, గోడ ఎక్కుతావా?" అన్నాడు మా ఆయన.

"ఆ మెట్లు నావి కావు. గోడ నాది" అన్నాను. నిచ్చెన పట్టుకున్నాడు.

రెండు గోడలు, మధ్య సందు కలిపితే ఒక మనిషి పడుకునేంత వెడల్పు. పరుపు పరిచి, దాని మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. షావుకారు వచ్చారు.

"ఏంటమ్మా ఇది, గోడ మీద పిల్లిలా? వయసు చూసుకోవద్దా?"

"గోడ మీద పిల్లి ఎటైనా దూకుతుంది. నేను ఎటూ దూకను. ఇంజినీరమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను.

డ్రైవరు మంచివాడే. నిచ్చెన ఎక్కి వచ్చి, "దిగండమ్మా, నా పని నన్ను చేసుకోనివ్వండి" అన్నాడు. "నీ పని ఆపు నాయనా, నా పని అయ్యేదాకా" అన్నాను. పరుపుల సూది జానెడు ఉంటుంది. దారం లాగితే చెయ్యి చాచినంత దూరం వస్తుంది. ఆ దారిలో అతని ముఖం ఉంది. వాళ్ళు బెదిరింపు అన్నది దీన్నే. మీ ముందు ఇప్పుడు కుట్టి చూపించమన్నా చూపిస్తాను.

పొద్దెక్కాక ఎండ సందులోకి నిలువుగా పడింది. పరుపు అంచు ఎత్తి లోపలికి చూశాను. పెద్దమ్మ గోడ లోపలి ముఖానికి పూత లేదు. ఇటుకల మధ్య నుంచి సున్నం పిసికినట్టు బయటికి వచ్చి అలాగే ఎండిపోయింది. ఆ సందులో తాపీ ఆడదు మరి. అమ్మ గోడకు పూత నున్నగా ఉంది. దాని మధ్యలో, తుప్పు పట్టి, తీగ ముక్కతో సహా, ఆ మేకు ఉంది. బెత్తెడు సందులో సుత్తి ఎత్తి మేకు కొట్టే మగాడు ఎవడైనా ఉంటే పిలిపించండి, చూస్తాను. రెండు గోడలూ ఒకేసారి లేచి ఉంటే ఆ మేకు అక్కడికి ఎలా వచ్చింది? అమ్మ గోడ ముందు ఒంటరిగా నిలబడి ఉంది. పెద్దమ్మ గోడ తర్వాత వచ్చింది. దాన్ని చూసి ఏడ్చాను. డ్రైవరు తన మాటలకే ఏడుస్తున్నాననుకుని, పాపం, మెషీను ఆపేసి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

అయితే గోడలు రెండని తేలితే చాలదు, అవి నిబంధనకు ముందువని కూడా తేలాలి. కిందపడ్డ పెద్దమ్మ గోడ ఇటుక ఒకటి అందించమని మా ఆయనను అడిగాను. తిరగేసి చూశాను. ఇటుక నడుమ ఉండే పల్లంలో చేప బొమ్మ ఉంది. గోడ కడుతున్నప్పుడు ఆ చేపల మీద వేలు పెట్టి ఆడుకున్న దాన్ని నేను. చేప గుర్తు ఇటుకల బట్టీ ఊళ్ళో ఒక్కటే ఉండేది. బైపాస్ రోడ్డు వేసినప్పుడు దాన్ని ఎత్తేశారు. రోడ్డు పక్క రాతి మీద ప్రారంభించిన తేదీ చెక్కి ఉంది, ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు. నిబంధన వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్ళకు. పాత ఇటుకలు ఎక్కడినుంచో తెచ్చి కట్టారంటారేమో. వాడిన ఇటుకైతే కొత్త సున్నం కింద పాత సున్నం పట్టు కూడా చేప కళ్ళలో మిగిలి ఉంటుంది. దీనికి ఒక్క పట్టే ఉంది, అదీ పెద్దమ్మ గోడది.

ఇటుక ఎత్తి పట్టుకుంది వెలుగులో చూడటానికి. విసరడానికి కాదు. షావుకారు మనుషులు దాన్ని లాక్కోబోయారు. దాంతో పరుపు దూదిలో పెట్టి పైన కుట్టేశాను. పదకొండు గంటలకు మీ కానిస్టేబుల్ వచ్చి, కుట్టు విప్పి బయటికి తీశారు. ఎక్కడ విప్పాలో నేనే చూపించాను, లేకపోతే గుడ్డ చింపేవారు. ఇటుకను, సూదిని ఆయుధాలని రాసి, చీటీ అంటించి సీలు వేశారు.

ఇప్పుడు ఆ ఫిర్యాదులో ఒక్క వాక్యం మళ్ళీ చదవమన్నాను. ఇన్‌స్పెక్టర్ గారు చదివారు. "ఆవిడ తన గోడ మీద కూర్చుని, మా గోడ నుంచి ఊడిన ఇటుకను ఎత్తి కొట్టబోయింది." కింద షావుకారు సంతకం ఉంది.

ఆయన రాసింది నూటికి నూరు పాళ్ళూ ఒప్పుకుంటున్నాను, కొట్టబోయానన్న మాట తప్ప. తన గోడ, మా గోడ. ఇటుక ఎక్కడిదో నేను చెబితే ఎవరు నమ్మేవారు? దుకాణంలో నుంచి తెచ్చుకున్నావు అనేవారు. ఇప్పుడు ఆయనే సంతకం పెట్టి చెప్పారు, మీరు సీలు వేశారు. కాబట్టి ఇటుక నాకు తిరిగి ఇవ్వొద్దు. జాగ్రత్తగా మీ దగ్గరే ఉంచండి. దాని మీద చేప బొమ్మ ఉందని, తోక కొస విరిగి ఉందని రాసుకోండి. ఆ ఫిర్యాదు నకలు, ఈ వాంగ్మూలం నకలు రేపు పొద్దున ఇంజినీరమ్మకు అందేలా చూడండి. సూది మాత్రం ఇప్పించండి. ఆ పరుపు ఇంకా పూర్తి కాలేదు.

మళ్ళీ గోడ ఎక్కనని రాసివ్వమని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. మెషీను రాకపోతే ఎక్కను. వస్తే ఎక్కుతాను. అలాగే రాయమన్నాను. ఆయన రైటరు గారికి అలాగే రాయమని చెప్పారు. రేపటి వరకు గోడల దగ్గర ఒక కానిస్టేబుల్‌ను కూడా ఉంచుతామన్నారు. టీ వచ్చింది.

రాసిందంతా నాకు వినిపించారు. నేను అననిది ఇందులో లేదు, నేను అన్నది విడిచిపెట్టలేదు. ఇది నేను కళ్ళారా చూసిన నిజం, నా చేతులతో చేసిన నిజం. ఎవరి ముందైనా మళ్ళీ ఇదే చెబుతాను.

సంతకం: (పరుపులమ్మ)

పరుపుల సూది ఒకటి తిరిగి ముట్టింది. ఇటుక స్టేషన్‌లోనే ఉంది.

సంతకం: (పరుపులమ్మ)