ఎద తగ్గేదాకా

మంచిర్యాలలో ఒక నేత ఇల్లు. ఎదకొచ్చిన ఆడకుక్కను మగ్గం పక్కన కట్టేసి, ఇల్లాలు తలుపు గడియ పెట్టింది. వీధిలో మగకుక్కలు మూలుగుతున్నాయి. మొగుడు మగ్గం గుంతలోంచి తలెత్తాడు.

"జర తలుపు తియ్యవే. మూగజీవిని గట్ల ఆపితే పాపం తగుల్తది."

"తియ్య. ఎద తగ్గినంక తోల్కరమ్మన్నడు పసుల డాక్టర్. గప్పుడు గర్భసంచి తీసేస్తడట."

"కడుపు కోయిస్తవా దానికి?"

"మీ అన్న కోడెకు విత్తులు కొట్టిచ్చిన నాడు తాడు పట్టింది నువ్వే. గప్పుడు యాదికి రాలేదా పాపం?"

"ఎద్దు దున్నాలె గదా. గిది వేరు. ఇంకొక్క ఈత ఈననియ్యి, తర్వాత నీ ఇష్టం."

"పోయినేడు గిదే అన్నవు. ఈనింది. గా కూనలను గంపల ఏసుకొని గోదారిల ఇడిసింది ఎవరు?"

మగ్గం మీద ఆడుతున్న నాడె ఆగిపోయింది.

"నువ్వే."

"నువ్వెందుకు రాలే?"

"నాతోని కాదు."

"నాతోని అయిందా మరి? నెత్తిమీద అవి కుయ్యిమంటుంటే, గిది నా కొంగు పట్టి గుంజుకుంట ఒడ్డుదాంక వచ్చింది. గీసారి ఈనితే గంప నీ నెత్తిమీద పెడుత. చెప్పు, తియ్యాల్నా తలుపు?"

అతను గుంతలోంచి లేచొచ్చి, కుక్కను కట్టిన తాడు లాగి చూశాడు.

"గా తాడు పాతది, తెంపుకుంటది. దూలానికి కొత్తదున్నది, తే. నేను కడుత."