గోడకి టచింగ్

అది కాదండీ ఖాజావలి గారూ, పగులేదీ? నేను తియ్యమన్నది పగులు. మీరిచ్చింది గోడ!

కూర్చోను. ముందు ఈ ఫోటో చూడండి. నందిగామలో మా బడి నడిచే పాత సత్రం ఇదేనా? దూలం దగ్గర్నుంచి గడప దాకా నోరు తెరుచుకున్న గోడ, ఇందులో నిన్ననే సున్నం కొట్టినంత నున్నగా ఉంది. పెళ్ళికి ముస్తాబు చేసారా ఏంటి?

ఏంటీ, టచింగా? నెగటివ్ మీద పెన్సిల్‌తో పూడ్చేసారా? మనుషుల మొహాలకి చేసే పని గోడకి చేస్తారుటండీ!

అలవాటా? బాగుంది! జగ్గయ్యపేటలో అందరూ మెచ్చుకునేది మీ చేతిపనినే, కాదనను. కానీ బందరు నుంచి ఆఫీసరు గారు రారు. ఫోటో పంపితే చూసి, బడికి వేరే ఇల్లు ఇవ్వాలో లేదో చెప్తానన్నారు. రేపు పొద్దున్నే సూపర్‌వైజరు గారు పట్టుకెళ్తారు. ఇది చూస్తే ఏమనుకుంటారు? పంతులమ్మ పనిలేక గోల చేస్తోందనుకుంటారు.

నిన్న వానకి ఇంత పెచ్చు ఊడిపడింది, తెలుసా? ప్రేమదాసు కూతురు కూర్చునే చోటే. ఆ పిల్ల మంచినీళ్ళకి లేచింది గనక సరిపోయింది. పలక ముక్కలైపోయింది.

తుడిచేసి మళ్ళీ ప్రింటు వేస్తారా? లాభం లేదండీ. సత్రం కమాను మొత్తం రావాలని మీరు వీధిలోకి పోయి నిలబడ్డారు. బొమ్మ అందంగానే ఉంది, ఆ నీడా అదీ, ఒప్పుకుంటా. కానీ అంత దూరాన్నుంచి తీస్తే పగులు వెంట్రుకలా ఉంటుంది. అందులో నా చెయ్యి దూరుతుందని ఎవరికి తెలుస్తుంది?

కెమెరా తీసుకోండి. ఎండ ఉండగానే బస్సెక్కుదాం. పగుల్లో చెయ్యి పెట్టి నేను నిలబడతా, దగ్గర్నుంచి తీద్దురుగాని.

వద్దంటారేం? మీద పడుతుందనా? చూసారా, మీకే భయం! పిల్లలు రోజూ దాని కిందే కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు.

నా మొహంకేసి అలా చూస్తారేం? మచ్చలా? ఉండనివ్వండి. మీరు చూడనివా?

ఊరికి కరెంటొచ్చిన ఏడు మా నాన్నగారు నన్నిక్కడికే తీసుకొచ్చారు, గుర్తుందా? ఆ సంబంధం వాళ్ళూ అంతే, రాలేదు, ఫోటో పంపమన్నారు. అమ్మవారు పోసిన మచ్చ ఒక్కటి లేకుండా తీసిచ్చారు మీరు. చూడగానే ఒప్పుకున్నారు. పీటల మీద అడ్డుతెర తీసాక ఆయన నన్ను చూసిన చూపుంది చూసారూ... ఇన్నేళ్ళు కాపరం చేసినా మర్చిపోలేకపోయా.

మిమ్మల్ని ఏమీ అనట్లేదండీ. నాకూ ఆ ఫోటో ఇష్టమే. ఇప్పటికీ పెట్లో దాచుకున్నా.

పదండి. ఆ పెన్సిల్ మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. నేనడిగినా తియ్యకండి. ఫోటో చూసాక, గోడనలాగే ఉంచి నా మొహం మటుకు కాస్త సర్దమని నేనే మిమ్మల్ని బతిమాలతా.