కాలర్లు కుట్టే చెయ్యి

"నన్ను తీసేస్తున్నారట గదా బావా. పక్కింటి పిన్ని చెప్పింది. వీధంతా తెలిసింది, నాకు తప్ప."

బట్టల కంపెనీ భోజనాల గదిలో వాళ్లిద్దరే మిగిలారు. సూపర్‌వైజరు క్యారియరు మూత తీసి, ముద్ద ముట్టకుండానే మళ్లీ పెట్టేశాడు. ఎదురుగా ఉన్నది ఆయన భార్యకు స్వయానా చెల్లెలు.

"పిన్నికెవరు చెప్పారు?"

"అక్క. దాని నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ ఇంట్లో చెప్పావు. నాకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు."

ఆయన తలెత్తలేదు. "కొత్త కంప్యూటరు మిషన్ల మీద కుట్టడం వచ్చినవాళ్లనే ఉంచుతారట."

"మరి అవి నేర్పేటప్పుడు నన్నెందుకు పంపలేదు?"

"నువ్వు లేస్తే కాలర్ల పని ఆగిపోతుంది. నీ చేతికి సాటి ఎవరున్నారు మరదలా?"

"ఆ మాటకే ఉబ్బిపోయి కూర్చున్నాను. నాదీ తప్పే, నోరు తెరిచి అడగాల్సింది. ఇంతకీ ఎవర్ని పంపావు?"

"పని అంతంతమాత్రం వచ్చినవాళ్లని. వాళ్లు లేకపోయినా ఇక్కడ గడిచిపోతుందని."

"వాళ్లుంటారు, నేను పోతాను."

"నీకూ నేర్పిస్తారేమోనని పైవాళ్లని అడిగాను. కాదన్నారు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ వారం పంపాల్సిన సరుకు ఒకటుంది. అదొక్కటీ నీ చేత్తో పూర్తి చేసిపెట్టు తల్లీ. ఇంకెవరివల్లా కాదు."

"చేస్తాలే బావా. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాకుండా చూశావుగా."