అతుకు తెలియని గొంతు

అక్క పోయి ఇరవై ఆరు రోజులైంది. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక ఆన్‌లైను గుంపులో అక్క మూడేళ్ళు చదివింది. అక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఆ ఒక్క మాట చెప్పి వచ్చేద్దామని, ఒక మధ్యాహ్నం చెల్లెలు వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టుకుని ఆ గుంపు వీడియో కాల్‌లో అడుగుపెట్టింది.

"వినపడుతోందా? నా మాట వినపడుతోందా అండీ?"

"వినపడుతోంది తల్లీ, అంత గట్టిగా అరవకు. మా మాస్టారు రెండు చెవులకీ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. పాపం, ఆయనకున్నవి ఆ రెండే."

"అయ్యో, ఏమనుకోకండి. ఫోను దూరంగా పెట్టాను. దగ్గర పెడితే నా ముక్కొక్కటే కనపడుతోంది."

"ముక్కైనా ఫరవాలేదు. నేను నర్సుని. ముప్పైమూడేళ్ళు సూదులు గుచ్చాను, ఇప్పుడు మాటలు గుచ్చుతున్నాను. ఆయన టైలరు మాస్టారు. షాపు మూసేశాక ఇందులో చేరారు. మనం చదివిన దాంట్లో తప్పులూ తడబాట్లూ కోసేసి, అతికి, నున్నగా చేసేది ఆయనే. మాస్టారూ, కొత్తమ్మాయిని పలకరించండి."

"నమస్కారమమ్మా."

"అంతే. రోజుకి నాలుగు మాటలు. అందులో రెండు నీకే ఖర్చుపెట్టేశారు."

"నన్ను అమ్మాయి అంటున్నారు, నాకు అరవై దాటాయండీ."

"నాకు డెబ్భై. అందుకే నువ్వు అమ్మాయివి. ఇంతకీ ఏం పని చేసేదానివి? ఇక్కడ పేర్లుండవు, పనిని బట్టే పిలుపు."

"కళ్ళజోళ్ళ షాపులో ఉండేదాన్ని."

"ఏమన్నావ్?"

"కళ్ళజోళ్ళు అమ్మేదాన్నండీ."

"మాస్టారూ, విన్నారా! చూపులేనివాళ్ళకి చదివే గుంపుకి కళ్ళజోళ్ళమ్మ వచ్చింది! నవ్వండి మాస్టారూ, ఏం పోయింది?"

"నవ్వుతున్నానమ్మా."

"నవ్వితే చప్పుడుండాలి. ఆయన చప్పుడు కూడా కోసేసుకున్నట్టున్నారు."

"నవ్వుకోండి. షాపులోనూ నవ్వేవారు. అందరి కళ్ళజోళ్ళూ సరిచేసి, నాది మాత్రం పోగొట్టుకునేదాన్ని."

"నచ్చావు తల్లీ. ఇక గొంతు చూద్దాం. ఒక పది వాక్యాలు చదువు."

"చదువుతాను గానీ... ముందొక మాట చెప్పాలండీ."

"కొత్తగా వచ్చినవాళ్ళందరూ ముందొక మాట అంటారు. జలుబు చేసిందంటారు, పళ్ళు కట్టించుకున్నామంటారు. అవన్నీ తర్వాత."

"అది కాదండీ..."

"మాస్టారూ, ఏ పుస్తకమిద్దాం?"

"తోటపని పుస్తకం ఇవ్వండి. అందులో ఎవరూ చచ్చిపోరు."

"ఈయన లెక్క ఇదీ. ఎవరొచ్చినా గులాబీ కొమ్మలు కత్తిరించే పాఠమే."

"నాకా దీవి పుస్తకం వినాలని ఉందండీ. వినాలని కాదు, చదవాలని. దీపస్తంభం కాపలాదారు కథ. రెండు వందల పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది కదా."

"అమ్మో! తిన్నగా వెళ్ళి దాని మీదే చెయ్యి వేసింది."

"ఆ పుస్తకం కుదరదమ్మా."

"మాస్టారు అన్నారంటే అన్నట్టే. అది మా టెలిఫోనమ్మ పుస్తకం. ఎక్స్‌చేంజిలో పనిచేసిందిలే. ఇక్కడొక పద్ధతుంది. ఒకరు మొదలుపెట్టిన పుస్తకాన్ని ఇంకొకరు ముట్టుకోరు. మధ్యలో గొంతు మారితే వినేవాళ్ళు బెంగపెట్టుకుంటారు. తనే వచ్చి ముగించాలి."

"ఆవిడ... రాకపోతే?"

"ఎందుకు రాదు? అలిగింది, అంతే. ఒకరోజు నేనే ఊరుకోలేక, 'నువ్వు చదువుతుంటే ఎవరో లైను కలుపుతున్నట్టుంది' అన్నాను. ఆ తర్వాత పత్తా లేదు. రోజూ మెసేజి పెడుతున్నాను, 'లైన్లోనే ఉన్నాం, మాట్లాడండి' అని. చూసినట్టు కూడా రావడంలేదు."

"ఆవిడ అలగలేదండీ."

"నీకేం తెలుసు?"

"ఏంలేదు. ఊరికే అన్నాను."

"మీరు చెప్పండి మాస్టారూ. అలిగిందా, లేదా?"

"తోటపని పుస్తకం తియ్యనా అమ్మా?"

"చూశావా, దాటేస్తారు. టెలిఫోనమ్మ ఊసెత్తితే చాలు, ఈయనకి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది. వాళ్ళిద్దరిదీ విడి లెక్క. నన్ను పంపించేసి ఏవో గుసగుసలు."

"పని మాటలమ్మా అవి."

"ఏం పని?"

"కోత పని."

"బాగా చదివేదా అండీ ఆవిడ?"

"బాగానా! ఒక్క తడబాటుండదు, ఒక్క గుటక వినపడదు. ఎండన పడి వచ్చినవాళ్ళకి చల్లటి నీళ్ళిచ్చినట్టుంటుంది. అదే నేను చదివితే పక్కింటి కుక్క కూడా నాతోపాటు చదువుతుంది."

"అయితే ఆవిడ దాంట్లో మీకు కోత పనే ఉండేది కాదేమో మాస్టారూ?"

"అందరివీ కొయ్యాలమ్మా. అతుకు తెలియకపోతే చాలు."

"నువ్వేం దిగులుపడకు కళ్ళజోళ్ళమ్మా. వచ్చే వారం ఊడిపడుతుంది చూడు. ఇంకెంత, ఇరవై పేజీలు. వచ్చాక తనకి నీ సంగతి చెబుతాను, 'నీ పుస్తకం మీద మోజుపడి ఒకావిడ...'"

"రాదండీ."

"మళ్ళీ మొదలుపెట్టావ్."

"నర్సమ్మగారూ, రాదండీ. అక్క ఇక రాదు."

"అక్కా?"

"మా అక్క. సొంత అక్క. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఊపిరితిత్తులు పాడైపోయాయట."

"మా టెలిఫోనమ్మా?"

"మీ మెసేజీలు వస్తూనే ఉన్నాయి. అక్క ఫోను నా దగ్గరే ఉంది. ఎలా తెరవాలో తెలియదు. సొరుగులో పెట్టాను. మోగుతుంది, పైన ఒక్క ముక్క కనపడుతుంది, 'లైన్లోనే ఉన్నాం' అని. రోజూ చూసి రోజూ మూసేస్తున్నాను. ఇక నావల్ల కాక ఇలా వచ్చాను. రాగానే చెప్పేద్దామనే అనుకున్నానండీ. మీరు నవ్వుతూ ఉంటే నోరు రాలేదు."

"తల్లీ... అలిగిందన్నాను నేను. ఎన్నిసార్లన్నాను..."

"మీకేం తెలుసు పాపం."

"నర్సునమ్మా నేను! ముప్పైమూడేళ్ళు. ఊపిరితిత్తులంటే దగ్గుండాలి, ఆయాసముండాలి. ఏమీ లేవే? చివరికొచ్చేసరికి నాతో మాట్లాడటం మానేసి రాసి పంపేది. అదేమంటే, 'గొంతు పుస్తకానికి దాచుకుంటున్నాను' అని రాసేది. నేనూ వెటకారాలాడాను. తోడబుట్టినదానివి, నీకైనా చెప్పలేదా?"

"మాకు మాటల్లేవండీ. ఆరేళ్ళు."

"ఆరేళ్ళా!"

"అమ్మకి బాగాలేదని నాకు ఆలస్యంగా చెప్పింది. నేను వెళ్ళేసరికి అమ్మ లేదు. 'లోకమంతటికీ లైను కలిపావు, నాకొక్కదానికీ కలపడానికి నీకు చేతులు రాలేదా' అన్నాను. 'నువ్వు కంగారుపడతావని' అంది. ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది. గడప దిగినదాన్ని మళ్ళీ ఎక్కలేదు. ఆసుపత్రివాళ్ళు ఫోను చేస్తే వెళ్ళాను. అప్పటికి దానికి మాట లేదు. కళ్ళు తెరిచి చూసింది, అంతే."

"ఊరుకో తల్లీ. ఊరుకో."

"కానీ వింటూనే ఉన్నానండీ. వేరే పేరు పెట్టుకుని వినేవాళ్ళలో చేరాను. పొద్దున్నే లేచి, ఇల్లు ఊడుస్తూ వినేదాన్ని. ఒక్క పేజీ వదల్లేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని చదివేది, అదే గొంతు. గొంతు బాగుంది కదా, మనిషి బాగానే ఉందనుకున్నాను. ఈ పుస్తకం అవ్వగానే వెళ్దాం అనుకున్నాను. అదయ్యాక ఇంకోటి మొదలుపెట్టింది, ఇదయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. ఒక్క దగ్గు వినపడినా ఆగేదాన్ని కాదండీ. ఎలా ఉన్నదాన్ని అలా వెళ్ళేదాన్ని."

"మాస్టారూ, మీరేం మాట్లాడరేం? మా అందరికన్నా ముందు మీ దగ్గరికే కదా వచ్చేది! కొయ్యకముందు. మీరు విని ఉంటారు."

"విన్నాను."

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది. మొదట్లో పేజీకి రెండో మూడో దగ్గులు. తర్వాత వాక్యానికొకటి. ఆఖర్న ఒక్కో మాటా విడిగా చదివి పంపేవారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి కుట్టుకొచ్చాను. ఆ రెండు వందల పన్నెండో పేజీ ఒక్కటే పద్దెనిమిది రోజులు పట్టింది."

"ఏడాది! ఏడాది పాటు నోట్లో ఏం పెట్టుకున్నారు మీరు? నా చెవిన వేసి ఉంటే లాక్కెళ్ళి చూపించేదాన్ని కదా!"

"చూపించుకున్నారమ్మా. చేసేదేమీ లేదన్నారట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు."

"అయితే మాత్రం అంత నున్నగా ఎందుకు కుట్టారు మాస్టారూ? అన్ని పేజీల్లో ఒక్క దగ్గు... ఒక్కటి మర్చిపోకూడదా మీరు? నేను వచ్చేసేదాన్ని కదా."

"ఒకసారి వదిలానమ్మా. కావాలనే. పేజీ బయటికి వెళ్ళకముందే ఆవిడ విని, తిప్పి పంపారు. తీసేదాకా ఊరుకోలేదు."

"ఎందుకు? వినేవాళ్ళు ఏమనుకుంటారోననా?"

"వినేవాళ్ళందరి గురించీ కాదు. ఒక్కరి గురించి. ఎవరు ఎప్పుడు విన్నదీ మాకు కనపడుతుంది. పొద్దున్నే అందరికన్నా ముందు వినే పేరొకటుంది. చిట్టిపిట్ట అని. ఆ పేరు కనపడితే గానీ ఆవిడ తర్వాతి పేజీ మొదలుపెట్టేవారు కాదు."

"అక్కకి... అది నేనని తెలుసా?"

"మొదటి నెలలోనే తెలుసమ్మా. చిన్నప్పుడు మీకు ఆ పేరు తను పెట్టిందేనట కదా. 'ఇది మా చెల్లి మాస్టారూ, దగ్గు వింటే పరుగెత్తుకొస్తుంది, అలా వద్దు' అన్నారు. 'దాని కోపం తగ్గి రానివ్వండి, అందాకా నేనుంటాను' అన్నారు."