దాలమ్మకి ఇంకో బొమ్మ

భోగాపురం సంతకి ఆనుకుని టూరింగు టాకీసు డేరా. పొద్దు వాలుతోంది, ఇంకా పాటల రికార్డు పెట్టలేదు. గేటు కాడ టిక్కెట్లు చింపే కూర్మయ్య రంగంలో, అంటే బర్మాలోని రంగూనులో పెరిగి, అక్కడ ఉండనివ్వక ఓడెక్కి తిరిగొచ్చినవాడు. చేపలమ్ముకునే జగ్గమ్మ నెత్తిమీద తట్ట దించకుండానే అతన్ని పట్టుకుంది.

“అది కాదురా కూర్మయ్యా, నువ్వు సెప్పిన బొమ్మే గదా మా దాలమ్మ సూసింది?”

“నానే సెప్పినాను అత్తా. కాదన్నానా? నీ కొడుకు అసిరయ్య సేపల ఏటకెళ్ళి రానేదు, దాలమ్మ ఏడస్తన్నాది. ఆ బొమ్మలో కూడా మొగుడు సముద్రంలో తప్పిపోయి ఆకర్ని వస్తాడు. సూస్తే గుండె నిబ్బరం సేసుకుంటాది గదా అని...”

“సేసుకున్నాది. మరీ సేసుకున్నాది. ఆ బొమ్మలో ఆవిడ ఏటి సేసింది?”

“ఏటి సేసింది... మొగుడొచ్చీదాకా కూడు ముట్టనని ఒట్టెట్టుకుని ఒడ్డున కూకున్నాది.”

“ఆడొచ్చినాడా?”

“వచ్చినాడు. డేరా ఎగిరిపోయినట్టు ఈలలు.”

“మా కోడలూ ఒట్టెట్టుకున్నాది.”

“కూడు మానీసిందా?”

“మానీసింది. గంజి పట్టికెళ్తే మొకం తిప్పీసుకున్నాది. నాను తింటే ఆడు రాడే అత్తా అంటాది. బొమ్మలో ఆవిడ తినకుండా ఉంటేనే గదా గంగమ్మతల్లి మనసు కరిగింది అంటాది. ఒడిలో సంటిదున్నాది, దానికి పాలు నేవు. ఏడ్సి ఏడ్సి ఇప్పుడు సంటిది ఏడవడం కూడా మానీసింది. నాకు బయంగా ఉన్నాదిరా.”

“గోరుసుట్టు మీద రోకలిపోటు నాగుంది. అది ఉత్త బొమ్మ అని సెప్పనేకపోయావా?”

“సెప్పినాను. తిట్టినాను. కాళ్ళట్టుకున్నాను. అత్తనయ్యుండి కోడలి కాళ్ళట్టుకున్నానురా. ఇననేదు. మనుసుల మాట ఇనదు, బొమ్మ మాటే ఇంటాది. అందుకే నీ దగ్గిరికొచ్చాను. నువ్వు రంగంలో నాలుగు దేశాల బొమ్మలు సూసినోడివి. అలాటిదే ఇంకోటి సెప్పు. నువ్వే వచ్చి దాని పక్కన కూకుని సెప్పాల.”

“అలాటిదే అంటే?”

“మొగుడు తప్పిపోయిన బొమ్మ. పెళ్ళాం ఎదురుసూసే బొమ్మ.”

“అవా, బోల్డు. బర్మా బొమ్మ ఒకటున్నాది. ఆడు ఏటి మీద పడవ నడుపుతాడు, వరదకి కొట్టుకుపోతాడు. ఈవిడ సాయంత్రం అయితే సాలు, వాకిట్లో దీపం ఎట్టి...”

“తింటాదా?”

“ఏటి?”

“కూడురా. కూడు తింటాదా?”

“తింటాది కామోసు. సూపించనేదు. ఆకర్ని ఆడు సన్నాసి బట్టలు కట్టుకుని, ఈవిడ గుమ్మం ముందుకే బిచ్చానికొస్తాడు. అబ్బ, అక్కడ మరి...”

“వస్తాడా అయితే.”

“వస్తాడు.”

“వద్దు. ఇంకోటి సెప్పు.”

“సన్నాసని వద్దన్నావా? పోనీ చీనా బొమ్మ. ఇందులో మనిషి శుబ్బరంగా వస్తాడు. యుద్దానికెళ్తాడు, సచ్చిపోయినాడని కబురొస్తాది, ఈవిడ నమ్మదు. అత్తింటోలు ఇంకో పెళ్ళి సేసీబోతుంటే, అప్పుడు గుర్రం మీద...”

“వచ్చీస్తాడు.”

“రాకపోతే జనం ఊరుకుంటారా? బెంచీలు ఇరగ్గొట్టీరూ?”

“అదీ వద్దు.”

“నువ్వే గదత్తా అలాటిదే కావాలన్నావు?”

“అన్నాను. ఇప్పుడు వద్దంటన్నాను. ఇంకోటి.”

“ముందు ఆ తట్ట దించు. మెడ వణుకుతున్నాది.”

“నా మెడకేటి. సెప్పు.”

“జపాను బొమ్మ ఒకటున్నాది గానీ... అది నీకు నచ్చదు.”

“సెప్పరా బాబూ.”

“మీలాటోలే, సేపలోలు. మొగుడు గాలివానలో పోతాడు. ఈవిడ ఒడ్డు ఒదల్దు, జుట్టు దువ్వదు. ఒక పొద్దున్న లేస్తాది. ఎవులితోనీ ఏటీ అనదు. పొయ్యి రాజేసి ఇంత అన్నం వొండుతాది. పిల్లకో ముద్ద ఎడతాది, తనో ముద్ద తింటాది. తింటా ఏడస్తాది, ఏడస్తా తింటాది. అదే సూపిస్తాడు, సాలాసేపు. హాల్లో ఒక్కడు దగ్గితే ఒట్టు. మాయమ్మ నా సెయ్యి గట్టిగా అట్టుకున్నాది.”

“తిన్నాదా?”

“తిన్నాది.”

“ఆడు రాకుండానే?”

“రాకుండానే. పిల్లని పెంచుకుంటాది. కొన్నాళ్ళకి మారుమనువు కూడా సేసుకుంటాది.”

“సేసుకుంటే తప్పేటి. మాలోనూ ఉన్నాది. ఇదీ, ఇది బావున్నాది. ఇది సెప్పు దానికి.”

“ఉండత్తా, అయిపోనేదు. ఆకరి రీల్లో మొదటి మొగుడు ఒడ్డెక్కి వస్తాడు.”

“అయ్యో.”

“వస్తే అయ్యో అంటావేటి?”

“ఒరే, ఆట ఆలస్యమైపోతే మీ డేరాలో ఓ రీలు ఎగ్గొట్టీసి మంగళం పాడీరూ?”

“నెమ్మదిగా అను, ఓనరున్నాడు లోపల. ఎగ్గొడతాం, ఎప్పుడైనా. జనానికి తెలదు.”

“అయితే ఆ ఆకరి రీలు ఎగ్గొట్టీ. ముద్ద తినీకాడ బాగా సెప్పు. పిల్లని పెంచుకున్నాదని సెప్పు. అక్కడితో ఆపీ.”

“ఆడు రాకుండానా?”

“రాకుండానే.”

“నా వల్ల కాదత్తా. ఆ గుంట ఆశ మీద బతుకుతున్నాది. ఆ ఒక్క తాడూ తెంపీమంటావా? కన్నతల్లివి, నువ్వే ఆడు రాడనిపిస్తావా దానికి? రేపో మాపో అసిరయ్య వచ్చీసినాడనుకో, ఏ మొకం ఎట్టుకుంటావు?”

“వచ్చీసినాడురా.”

“ఏటీ?”

“మొన్న కోనాడ ఒడ్డుకొచ్చినాడు. మొకం నేదు. నాను పేనిన మొలతాడు సూసి పోల్చుకున్నాను. అక్కడే మట్టి సేసీసి, ఇంటికొచ్చి దానికి గంజి కాసినాను. సెప్దామని నోరు తెరిస్తే నాకు మాట రానేదు. నువ్వు రా కూర్మయ్యా. ఆ జపానావిడ తిన్నాదని సెప్పు.”