తెల్ల సైకిలు

"టోర్టియా రొట్టెలు చుట్టే గుడ్డ మళ్ళీ ఎక్కడ పడేశావు?"

"నీ భుజం మీదే ఉంది, చూసుకో."

ఫీనిక్స్‌లో డ్రైవరు లేని కారు గుద్ది చెల్లెలు ఒఫేలియా పోయినప్పటి నుంచి, భర్తతో ఆమెకు ఇలాంటి వాటికే గొడవలు.

"రోడ్ల ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు," అన్నాడతను. " ఒఫేలియా పోయిన చోట తన గుర్తుగా మనం స్తంభానికి కట్టిన తెల్ల సైకిలు తీసేయమంటున్నారు."

"అదేం చేసింది వాళ్ళని?"

"డ్రైవరు లేని ఆ కార్లు దాన్ని మనిషనుకుని ఆగిపోతున్నాయట. వెనకాల ఒకటే హారన్లు."

"తెలుసు. జనం వీడియోలు తీసుకుని నవ్వుకుంటున్నారు."

"నవ్వేవాళ్ళు నయం. కార్ల మీద రాళ్ళేసేవాళ్ళున్నారు. చీకట్లో రోడ్డెందుకు దాటిందని మీ చెల్లినే తిట్టేవాళ్ళూ ఉన్నారు. తీసేద్దాం, ఈ మాటలన్నీ ఆగుతాయి."

పిల్లలు బల్ల దగ్గర కూర్చున్నాక ఆమె అందరికీ బీన్స్ వడ్డించింది.

"నిన్న అక్కడికెళ్ళాను. ఖాళీ కారొకటి వచ్చి సైకిలు ముందు ఆగింది. లోపల ఎవరూ లేరు. దాటు, నువ్వు దాటాకే వెళ్తానన్నట్టు అలాగే నిలబడింది."

"చాల్లే, పిల్లలు వింటున్నారు."

"విననీ. ఆ సైకిలు తీసేది లేదు. అప్పుడు ఆగలేదుగా, ఇప్పుడు రోజూ ఆగనీ."