గంటన్నర తేడా

బర్మామైన్స్‌లోని ఆ ఇంట్లో దాలమ్మ శవం మంచుగడ్డల మీద ఉంది. రైల్వే గార్డుగా రిటైరైన ఆమె భర్త గోడగడియారం చూస్తూ కోడలికి లెక్క చెబుతున్నాడు.

“సింధు ఇమానం దుబాయిలో ఎనిమిదికి లేచింది. నాలుగ్గంటలు. పన్నెండుకి కలకత్తా. అక్కణ్ణించి కారులో అయిదు. పొద్దు గూకకముందే అమ్మని చూసుకుంటాది.”

“మావయ్యా, అక్కడ ఎనిమిదంటే మనకి తొమ్మిదిన్నర.”

“అదేటి? ఏ టేసనుకెళ్లినా గడియారం ఒకటే కదే!”

“అది మన రైలుకి. దేశం దాటితే ఫరక్ ఉంటాది. సింధు వచ్చేసరికి ఆరున్నర దాటిపోద్ది. చీకటి పడ్డాక ఎత్తరు కదా.”

“దానికి ఫోన్ చేసి చెప్పు.”

“గాల్లో ఉంది. ఫోను కలవదు.”

“‘నువ్వొచ్చేదాకా అమ్మని కదపను’ అని దానికి మాటిచ్చీసేను.”

“రేపటిదాకా ఎలా ఉంచుతాం? శవం లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు. పిల్లలు పొద్దున్నించీ పస్తున్నారు.”

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

“ఎక్కడికి మావయ్యా?”

“ఇల్లిల్లూ తిరిగి దండం పెడతాను, పొయ్యిలు ఎలిగించుకోమని. లెక్క తప్పింది నేను. శిచ్చ సింధుకెందుకే?”